పాత రోడ్డు మీద చిహారు అడుగులు

తెల్లవారకముందే షిగెకి రేవు నుంచి చేపల పెట్టెలు తెచ్చి దుకాణం వెనక గదిలో దించుతాడు. వాళ్ళమ్మ కినుయో ముళ్ళు తీస్తుంది. భార్య చిహారు ఆ చేపని మరలో వేసి మెత్తగా రుబ్బి, వడల్లా తట్టి నూనెలో వేయిస్తుంది. మా ఊళ్ళో చేప వడలంటే వాళ్ళవే. మూడు తరాల కొట్టు. నూనె కాగే వేళకి బయట సముద్రపు ఒడ్డు రోడ్డు మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. చాలా తేలికైన అడుగులు. రేకుల మీద చినుకులు మొదలైనట్టుంటాయి. కొట్టు ముందు నుంచి సాగి, ఐసు ఫ్యాక్టరీ దాటి, కొండకొన వైపు వెళ్ళిపోతాయి. మనిషి కనపడదు.

"చిహారు వెళ్ళింది. బియ్యం పెట్టు" అంటుంది కినుయో.

"పెడుతున్నానత్తయ్యా" అంటుంది చిహారు, మర ఆపి చేతులు కడుక్కుంటూ.

ఏళ్ళ తరబడి ఇదే మాట. పోస్టాఫీసు తలుపు ఆ చప్పుడికే తీసేవారు. పాల బండి నడిపే అతను మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, అడుగులు దాటాక కదిలేవాడు. వాన రోజుల్లో రోడ్డు మీది నీటిగుంటల్లో వరసగా నీళ్ళు చిందేవి. కుక్కలు మొదట్లో మొరిగాయి, తర్వాత వాటికీ విసుగొచ్చింది. ఒకసారి బడికి కొత్తగా వచ్చిన పంతులు ఆ చప్పుడు ఎవరిదని అడిగితే, వడల కొట్టు కోడలిదని చెప్పారు. ఆయన ఓహో అనుకుని సైకిలు పక్కకి తీశాడు.

చిహారు చిన్నప్పటి నుంచీ మా ఊరి పిల్లే. బడిలో అందరికంటే వేగంగా పరిగెత్తేది. చదువు కాగానే దూరంగా ఓ పట్నంలోని బట్టల మిల్లు వాళ్ళు తమ జట్టులోకి తీసుకున్నారు. పేరుకి ఉద్యోగం, పని పరుగే. మూడేళ్ళకి పేపర్లో ఫొటో పడింది. ఆ ఫొటోని పోస్టాఫీసులో గోడకి అంటించారు. తర్వాతి ఏడాది కొత్త సంవత్సరం సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఓ పొద్దున పరిగెత్తుతూ కొండకొన దాటాక కాలు విరిగింది. ఆ వైపు నారింజ తోట ఉన్న ముసలాయన తన ట్రక్కులో ఎక్కించుకుని ఆసుపత్రిలో దించాడు. ఆమె మళ్ళీ మిల్లుకి వెళ్ళలేదు, పరిగెత్తనూ లేదు. ఆసుపత్రిలో కాలికి కట్టు కట్టించుకుని పడుకుని ఉండగానే, మర్నాటి పొద్దున ఆమె అడుగులు ఎప్పట్లాగే ఒడ్డు రోడ్డు మీద వినిపించాయి. పేపర్లో ఫొటో పడినప్పటి అడుగులని ఊళ్ళో అందరూ అనుకున్నారు. చిహారు కూడా అలాగే అనుకుంది. పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడు వచ్చే వేళకి కిటికీ మూసేసేది. కూతురు పుట్టాక ఆ ధ్యాసే పోయింది.

ఇలా పన్నెండేళ్ళు గడిచాక, వేసవి చివర్లో యసుమరు గారు కొట్టుకొచ్చారు. ఆయన ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఊరి ఆడపిల్లలకి పరుగు నేర్పుతూ వాళ్ళ జట్టుని చూసుకుంటూ ఉంటారు. ఏటా జనవరిలో జిల్లాలోని ఊళ్ళన్నీ రోడ్డు మీద రిలే పరిగెత్తుతాయి. భుజాన వేసుకున్న పట్టీ ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ ఐదు అంచెలు వెళ్ళాలి. పట్టీ మీద ఊరి పేరు ఉంటుంది.

"వచ్చే మార్చితో మన ఊరిని పక్క పట్నంలో కలిపేస్తున్నారు కదమ్మా. ఆ పేరుతో ఇదే ఆఖరి పరుగు" అన్నారాయన, వడ చేతిలో పట్టుకుని. "ఐదుగురు ఉన్నారు. ఆరో పేరు ఇవ్వకపోతే జట్టుని రానివ్వరు."

"నేను పరిగెత్తి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసుగా మాస్టారూ."

"నువ్వు పరిగెత్తక్కర్లేదు. ఆరో మనిషి పని మిగతా వాళ్ళ కోట్లు పట్టుకుని నిలబడ్డమే."

"కోట్లు పట్టుకోడానికి మా ఆయన్ని తీసుకెళ్ళండి."

"ఆడవాళ్ళ జట్టమ్మా."

కినుయో ముళ్ళు తీస్తూనే తల తిప్పకుండా అంది. "రాసుకోండి మాస్టారూ. దాని అడుగుల్ని ఊరంతా గడియారంలా వాడుకుంటూనే ఉంది. పేరు కూడా వాడుకోండి."

పేరైతే ఇచ్చింది గానీ చిహారుకి మనసు కుదుట పడలేదు. కోట్లు పట్టుకునే మనిషైనా ఆ రోజు జట్టు దుస్తులు వేసుకుని నలుగురిలో నిలబడాలి. వారం తర్వాత అటక మీంచి పాత బూట్లు దింపింది. వడలు వేయించడం అయ్యాక ఒడ్డు రోడ్డెక్కింది. ఐసు ఫ్యాక్టరీ దాకా కూడా పోకముందే కుడి బూటు అడుగు ఊడి వేలాడింది. ఎన్నో ఏళ్ళు పెట్టెలో ఉండి జిగురంతా పొడిగా రాలిపోయింది. బూటు చేత్తో పట్టుకుని, ఒక కాలు చెప్పు లేకుండా కొట్టుకి తిరిగొచ్చింది.

షిగెకి చూసి నవ్వాపుకున్నాడు. "బూటు అలిసిపోయిందా?"

"నువ్వు ఆ మర కడిగే పని చూడు."

కొత్త బూట్లు వచ్చాయి. పరుగు మాత్రం రాలేదు. ఊపిరి అందేది కాదు, తొడలు బరువుగా ఊగేవి, చెక్కపని షాపు దగ్గర ముసలివాళ్ళు బెంచీ మీద కూర్చుని చూస్తుంటే రోడ్డు మరీ పొడుగ్గా అనిపించేది. ఓ రోజు పొద్దున్నే పని షిగెకికి అప్పజెప్పి, అడుగులు వచ్చే వేళకి కొట్టు ముందు నిలబడింది. అవి రాగానే వాటితో కలిసి కదిలింది. నాలుగు కరెంటు స్తంభాలు దాటేసరికి చప్పుడు ముందుకి వెళ్ళిపోయింది. వెనక్కొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అంత తేలిగ్గా ఎలా పరిగెత్తేదాన్నో" అంది.

"తినకుండా" అంది కినుయో.

ఆ సంగతి కినుయోకి ఒక్కదానికే తెలుసు. మిల్లు జట్టులో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బరువు తూచేవారు. ముల్లు కాస్త కదిలితే ఆ పూట భోజనం దగ్గర పేరు పెట్టి అడిగేవారు. చిహారు ఆపిల్ పండు సగం కోసుకుని, రెండో సగం మర్నాటికి దాచుకునే స్థితికి వచ్చింది. నెలసరి ఆగిపోయింది. అది కష్టపడుతున్నదానికి గుర్తని జట్టులో అందరూ చెప్పుకునేవారు. కాలు విరిగినప్పుడు డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, ఇది ఇరవై రెండేళ్ళ పిల్ల ఎముకేనా, ముసలమ్మదా అని నర్సుని అడిగాడు. పెళ్ళయ్యాక పిల్లల కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లో ఆమె ఇదంతా అత్తగారికి చెప్పుకుంది. ఆ రోజు నుంచి కినుయో చిహారు గిన్నెలో అన్నం తనే పెట్టడం మొదలుపెట్టింది. ఆ పెట్టడం ఇప్పటికీ మానలేదు. కూతురు కొనాట్సు పుట్టి బడికి కూడా వెళ్తోంది.

ఇప్పుడు పరుగు మొదలయ్యాక కినుయో గిన్నె మీద ఇంకో గరిటె వేసేది. "పరిగెత్తు, ఎవరొద్దన్నారు. తిని పరిగెత్తు" అనేది.

ఆకులు రాలే కాలం వచ్చేసరికి ఐసు ఫ్యాక్టరీ దాటింది. తర్వాత వల కుట్టేవాళ్ళ షెడ్లు దాటింది. ఓ రోజు ఎడమ పక్క సముద్రం మీద ఎండ పడుతుంటే, చాలాసేపటి నుంచి తను దేని గురించీ ఆలోచించడం లేదని గమనించింది. మిల్లులో ఉన్నప్పుడు పరిగెత్తినంత సేపూ తిండే గుర్తొచ్చేది. ఏం తినలేదో, ఏం తినకూడదో. ఇప్పుడు కాళ్ళు మాత్రమే గుర్తున్నాయి. బరువుగా ఉన్నాయి, నడుస్తున్నాయి. ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ మర్నాడు అలారం మోగకముందే లేచింది.

జట్టులో అందరికంటే వేగమైన పిల్ల సుజునే. హైస్కూల్ ఆఖరి ఏడాది. తల్లి తమాయె వీధి చివర జుట్టు కత్తిరించే షాపు నడుపుతుంది. తండ్రి లేడు. సుజునేని ఏప్రిల్ నుంచి ఓ కంపెనీ జట్టు తీసుకుంటామని మాటిచ్చింది. ఆ సంగతి చెప్పుకోడానికే తమాయె చాలామందికి జుట్టు మామూలు కంటే నిదానంగా కత్తిరించేది. సుజునే రోజూ పొద్దున్నే ఒడ్డు రోడ్డు మీద చిహారు అడుగుల వెనకే పరిగెత్తేది. కొండకొన దగ్గర కొత్త సొరంగం ఉంది. అక్కడ కార్లన్నీ సొరంగంలోకి వెళ్తాయి. పాత రోడ్డు కొనని చుట్టుకుని పాడుపడ్డ నారింజ తోటల్లోకి పోతుంది. అడుగులు ఆ పాత రోడ్డున పోయేవి. సుజునేకి బడి రైలు అందాలి కాబట్టి సొరంగం దగ్గరే వెనక్కి తిరిగేది. అడుగులు ఊళ్ళోకి తిరిగి రావడం ఎవరూ వినలేదు. కొండ మీది దారిన దిగుతాయేమో అనుకుని ఊరుకున్నారు.

"సొరంగం దాకా అంగుళం కూడా వదలట్లేదక్కా" అని సుజునే ఓ సాయంత్రం సాధన దగ్గర చిహారుతో అంది. "మీ అడుగులు ఎంత బావుంటాయో మీకు తెలీదు. నేల తగిలీ తగలనట్టుంటాయి."

"నువ్వు తిని వచ్చావా?"

"పరుగయ్యాక తింటాను."

"ఏం తింటావు?"

సుజునే నవ్వి బూటు తాడు సర్దుకుంది. చలి కోటు చేతుల్లోంచి ఆమె మణికట్టు ఎముకలు బయటికి కనిపించాయి. చిహారు ఇంకేదో అనబోయి ఆగింది. మిల్లులో తనకీ ఓ నర్సు చెప్పింది. ఆ నర్సుకి పరుగంటే తెలియదని అప్పట్లో తను నవ్వుకుంది.

డిసెంబరులో చిహారుకి ఓ ఆలోచన వచ్చింది. అడుగుల్ని అందుకోవడం తన వల్ల కాదు. వాటికంటే ముందే బయల్దేరితే అవే వచ్చి తనని దాటతాయి. ఎంత ముందు బయల్దేరితే అంత దూరాన దాటతాయి. మొదటి రోజు వల షెడ్ల దగ్గర దాటాయి. తర్వాత సొరంగం దగ్గర. ఆపైన ఓ పొద్దున పాత రోడ్డు మీద, కొనకి అవతల, సముద్రం మరీ దగ్గరగా మోగే చోట వెనక నుంచి వచ్చి పక్కగా సాగిపోయాయి. రోడ్డంతా ఎండు నారింజ ఆకులు. ఆ ఆకుల మీద చప్పుడు ఇంకా స్పష్టంగా ఉంది. చిహారు వెనకే వెళ్తూ వింటోంది.

ముందున్న మలుపులో చప్పుడు మారింది.

ఎడమ కాలు సరిగ్గానే పడుతోంది. కుడి కాలు ఓ క్షణం ఆలస్యంగా పడుతోంది. కాసేపలాగే సాగింది. తర్వాత ఆకుల మీద ఏదో ఈడ్చినట్టు వచ్చింది. ఆగలేదు. ఒక కాలితో గెంతడం, రెండో కాలు ఈడ్వడం, మళ్ళీ గెంతడం. అప్పటికీ ఆగలేదు. తోటవాళ్ళు బుట్టలు పెట్టుకునే రేకుల షెడ్డు దాకా అలాగే వెళ్ళి, దాని గోడ దగ్గర నిశ్శబ్దమైపోయింది.

చిహారు షెడ్డు దగ్గరికొచ్చి నిలబడింది. గోడ పక్క ఆకులు అణిగి ఉన్నాయి, ఎవరో కూర్చున్నట్టు. కాలు విరిగిన ఆ పొద్దున ఆమెకి బాగా గుర్తుంది. అంతకుముందు రోజు ఇంట్లో అందరూ కొత్త సంవత్సరం బియ్యప్పిండి ముద్దలు చారులో వేసుకుని తింటుంటే తను చారు తాగుతున్నట్టు నటించింది. పొద్దున బయల్దేరేటప్పటికే కాలు నొప్పిగా ఉంది. పేపర్లో ఫొటో పడినప్పటి అడుగులు కావివి. ఈ ఒక్క పొద్దున అడుగులు. పన్నెండేళ్ళుగా ఊరి ముందు నుంచి అంత ముచ్చటగా వెళ్ళి, రోజూ ఇక్కడికొచ్చి విరుగుతున్నాయి.

కాసేపు అక్కడే ఉంది. చెమట ఆరి చలి పుట్టాక ఇంటికి తిరిగింది.

కినుయో అంతా విని చేతిలో చేప పక్కన పెట్టింది.

"రోజూనా?"

"రోజూ అయ్యుంటుంది అత్తయ్యా."

"నేను దాన్ని విని బియ్యం పెట్టమంటున్నాను" అంది కినుయో. చాలాసేపు చేతులు కడుక్కుంది. "జుట్టు షాపు పిల్లకి చెప్పు."

"చెప్తే వినదు. నాకు తెలుసు."

"అయితే చెప్పకు. తీసుకెళ్ళు."

చిహారు రెండు రోజులు ఊరుకుంది. పరుగు ఇంకో నెల కూడా లేదు. సుజునే లేకపోతే ఆ జట్టు నుంచి ఎవరూ ఏమీ ఆశించనక్కర్లేదు. కంపెనీ వాళ్ళు కూడా ఆ రోజు చూడ్డానికి వస్తామన్నారు. పిల్ల కాలికి ఏమీ లేకపోయుండవచ్చు. అందరి ఎముకలూ ఒకలా ఉండవు. ఇవన్నీ అనుకుంది. శనివారం రాగానే, రేపు ఆదివారం, బడి రైలు ఉండదు కదా, పాత రోడ్డు చివరిదాకా పరిగెత్తుదాం రమ్మని సుజునేకి చెప్పింది.

"అంత దూరం మీరు రాగలరా అక్కా?" అంది సుజునే. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

"ముందు బయల్దేరతాను. నువ్వు అడుగులతో రా. అవి ఆగేదాకా రా."

పొద్దున చిహారు కొన దాటి కొంత దూరం వెళ్ళాక వెనక రెండు జతల చప్పుడు వినిపించింది. దాటి వెళ్ళేటప్పుడు సుజునే చెయ్యి ఊపింది. మొహం వెలుగుతోంది. ఆమె బూట్ల చప్పుడుకీ, పక్కన కనపడని అడుగుల చప్పుడుకీ తేడా తెలియలేదు. ఇద్దరూ ఒకే మనిషిలా మలుపు తిరిగారు. చిహారు వేగం పెంచలేదు. పెంచినా అందేది కాదు.

షెడ్డు దగ్గరికి చేరేసరికి సుజునే రోడ్డు మధ్యలో నిలబడి గోడ వైపు చూస్తోంది.

"పడిపోయింది" అంది. "అక్కా, అది కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆగమని చెప్పాను. ఆగలేదు."

"ఆగలేదు. నేనూ ఆగలేదు."

"ఇది ఎప్పుడు?"

"కాలు విరిగిన రోజు. రోజూ ఇదే."

సుజునే మెల్లగా కూర్చుంది. కుడి కాలు మేజోడు కిందికి లాగి, మోకాలికీ చీలమండకీ మధ్య వేలు పెట్టింది. వేలు పెట్టిన చోటు చుట్టూ చర్మం కొంచెం ఉబ్బి ఉంది.

"నాకూ ఇక్కడే" అంది. "నెల నుంచి. మాస్టారుకి చెప్పలేదు. మంచు ముక్కలు పెడితే తగ్గుతోంది."

చిహారు పక్కన కూర్చుంది. "నెలసరి ఎప్పుడొచ్చింది నీకు?"

సుజునే ఆలోచించాల్సి వచ్చింది. "పోయిన వేసవి కాదు. అంతకుముందు వేసవి."

"అమ్మకి తెలుసా?"

"అడగలేదు. అడిగితే వస్తోందని చెప్పేదాన్ని."

చిహారు తన కోటు తీసి పిల్లకి తొడిగింది. పాత రోడ్డున ఇద్దరూ నడుచుకుంటూ వచ్చారు. సొరంగం దగ్గరికొచ్చేసరికి సుజునే పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అక్కడి నుంచి చిహారు భుజం మీద చెయ్యి వేసి నడిచింది. చెక్కపని షాపు ముసలివాళ్ళు బెంచీ మీంచి లేచి చూశారు. ఆ వైపు నుంచి ఎవరైనా నడిచి రావడం వాళ్ళకి కొత్త.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక మీద వెంట్రుకంత గీత. ఇంకో వారం పరిగెత్తి ఉంటే రెండు ముక్కలయ్యేదని డాక్టరు అన్నాడు. వసంతం దాకా పరుగు వద్దన్నాడు. ఆ తర్వాత తల్లిని లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు.

ఆ సాయంత్రం యసుమరు గారు కొట్టుకొచ్చి ఓ మూల కూర్చున్నారు. వడ ఇస్తే తీసుకుని తినకుండా పట్టుకున్నారు.

"జనవరి దాకా నిలిచేదేమో" అన్నారు చివరికి. "ఒక్క పరుగు."

"విరిగిపోతే?" అంది కినుయో.

"అందుకే కదమ్మా ఏమో అంటున్నాను."

"మాస్టారూ, మీరు ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరం అందించారు. ఎవరి ఉత్తరమైనా చింపి అందించారా?"

యసుమరు గారికి కోపం వచ్చినట్టుంది. లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. తినడం మొదలుపెట్టి, సగంలో తల పక్కకి తిప్పుకున్నారు. ఆ పిల్ల మేజోళ్ళు ఎప్పుడూ పైకి లాక్కునే ఉండేదని, తను చూసీ అడగలేదని అన్నారు.

"మూడో అంచె అన్నిటికంటే పొడుగు" అన్నారు మిగతా సగం తిన్నాక. "సుజునేది."

చిహారు నూనెలోంచి వడలు తీస్తోంది. "ఆరో పేరు రాసుకున్నారు కదా మాస్టారూ" అంది.

కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, కాలు నయమయ్యాక చూద్దాం అన్నారు. దానర్థం అందరికీ తెలుసు. తమాయె ఆ మర్నాడు వీధిలో చిహారు ఎదురైతే రోడ్డు దాటి అటు పక్క నడిచింది. రెండోసారి ఎదురైనప్పుడు దాటలేదు, మొహాన అడిగేసింది.

"నీ కాలు విరిగింది కాబట్టి నా కూతురి కాలూ విరగాలా?"

"విరగకూడదనే తీసుకెళ్ళాను వదినా."

"నీకేం, కొట్టుంది, మొగుడున్నాడు. దానికి ఆ కాళ్ళే ఉన్నాయి."

నిజమే కదా అని చిహారుకి అనిపించింది. ఆ రాత్రి షిగెకి అడిగితే కూడా అదే చెప్పింది. అతను "అందుకే కదా కాళ్ళు మిగలాల్సింది" అన్నాడు.

జనవరి పరుగు రోజున సముద్రం మీంచి ఎదురుగాలి. చిహారు మూడో అంచె మొదలయ్యే చోట, వంతెన దగ్గర, పొట్టి నిక్కరు వేసుకుని నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా దాదాపు సుజునే వయసు వాళ్ళు. ఒక పిల్ల ఈమెని నిర్వాహకురాలనుకుని మంచినీళ్ళు ఎక్కడున్నాయని అడిగింది. చిహారు చూపించింది. ఆ పిల్ల తిరిగొచ్చి ఈమె ఛాతీ మీది నంబరు చూసి నాలిక కరుచుకుంది.

పట్టీ ఐదో స్థానంలో వచ్చింది. అందుకుని భుజాన వేసుకుని కదిలింది. అర కిలోమీటరు కూడా కాకముందే ఇద్దరు దాటిపోయారు. ఇంకాసేపటికి మరొకరు. దాటిన పిల్లల వీపుల మీద భుజపుటెముకలు రెక్కల్లా కదిలాయి. ఎండిన పొలాల మధ్య రోడ్డు నిటారుగా ఉంది, గాలి నోట్లో కొడుతోంది. తన అడుగుల చప్పుడు తనకి వినిపించింది. బియ్యం బస్తా దించినట్టు బరువుగా, ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. మిల్లు రోజుల్లో ఇలాంటి చప్పుడు వస్తే సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు అది ఎక్కడైనా మారుతుందేమోనని వింటూ పరిగెత్తింది. మారలేదు.

పొలాల చివర ఎత్తు మొదలైంది. ఇందాక దాటిన పిల్లల్లో ఒకతె అక్కడ నడుం పట్టుకుని నెమ్మదించింది. చిహారు పక్కగా వెళ్తూ ఆ పిల్ల మొహం చూసింది. తెల్లగా ఉంది. "చేతులు ఊపు" అంది. ఆ పిల్ల ఊపింది. చిహారు దాటేసింది. ఎత్తు మీద ఇంకో పిల్లని కూడా దాటింది. షిగెకి స్కూటర్ ఆపుకుని రోడ్డు పక్కన నిలబడి, ఇంకా ఒక కిలోమీటరే అని అరిచాడు. నిజానికి రెండు ఉన్నాయి. ఆ సంగతి తెలిశాక చిహారు అతన్ని మనసులో బాగా తిట్టుకుంది. ఆ తిట్లతోనే మిగతా దూరం గడిచింది.

పట్టీ తీసి రెండు చేతుల మధ్య బిగించి నాలుగో అంచె పిల్లకి అందించింది. అందించి రోడ్డు పక్క గడ్డిలో కూర్చుంది. ఎవరో కోటు తెచ్చి భుజాల మీద కప్పారు. తలెత్తి చూస్తే సుజునే. చంకల కింద కర్రలున్నాయి, వాటి మీదే వంగి కోటు సర్దుతోంది.

"ఎత్తు మీద ఇద్దర్ని దాటారక్కా" అంది.

"ముగ్గురు దాటారు నన్ను."

"అది కిందే కదా."

మా ఊరు కింది నుంచి లెక్కపెడితే తొందరగా తేలే స్థానంలో ముగించింది. యసుమరు గారు చెమటతో తడిసిన ఆ పట్టీని ఉతక్కుండా మడిచి జేబులో పెట్టుకున్నారు. మార్చి అయ్యింది, ఊరు పట్నంలో కలిసింది. పోస్టాఫీసు బోర్డు మార్చారు. అడుగులు మాత్రం రోజూ ఎప్పట్లాగే వెళ్ళాయి. ఊళ్ళో వాళ్ళకి అవి ఎక్కడ ఆగుతాయో ఇప్పుడు తెలుసు. పాల బండి అతను ఇప్పుడు కూడా మలుపులో ఆగుతున్నాడు, కాకపోతే టోపీ తీస్తున్నాడు. చిహారు వారంలో మూడు పొద్దులు పరిగెత్తుతూనే ఉంది. వేసవిలో పట్నంలో జరిగే పది కిలోమీటర్ల పందానికి ఈసారి తనే పేరిచ్చుకుంది. సుజునే కంపెనీకి వెళ్ళలేదు. తల్లి షాపులో జుట్టు కడగడం, నేల ఊడవడం చేస్తోంది.

మే నెలలో చిహారు జుట్టు మెడ మీద పడి పరుగులో చిరాకు పెడుతోంది. పట్నం వెళ్ళి కత్తిరించుకుందామని ఓ నాలుగు రోజులు వాయిదా వేసింది. ఐదో రోజు తమాయె షాపు తలుపు తోసింది. షాపులో తమాయె ఒక్కతే ఉంది. కుర్చీ చూపించింది. మెడ చుట్టూ తువ్వాలు కట్టి, కుర్చీ వెనక్కి వాల్చి, జుట్టు మీద నీళ్ళు వదిలింది. చిహారు కళ్ళు మూసుకుంది. వేళ్ళు కాస్త గట్టిగానే రుద్దుతున్నాయి.

"ఆ పిల్ల ముందు ముందు ఏం చేస్తుందో నాకు తెలీదు" అంది తమాయె.

"నాకూ తెలీదు వదినా."

"డాక్టరు మెల్లగా పరిగెత్తొచ్చు అన్నాడు. వద్దన్నాను. నిన్న నేను లేనప్పుడు ఐసు ఫ్యాక్టరీ దాకా వెళ్ళొచ్చింది. పక్కింటావిడ చెప్పింది."

వేళ్ళు చెవుల వెనక రుద్ది, మళ్ళీ పైకి వెళ్ళాయి. నీళ్ళ చప్పుడు.

"మొన్న దానికి నెలసరి వచ్చింది" అంది తమాయె. గొంతులో ఏ తేడా లేదు. "ఎర్ర బొబ్బర్ల అన్నం వండాను. మొదటిసారి అయినప్పుడు వండినట్టే. ఎందుకమ్మా, నేనేమైనా చిన్నపిల్లనా అని నవ్వింది."

"తిందా?"

"రెండు గిన్నెలు." తమాయె కుళాయి కట్టి మళ్ళీ విప్పింది. "నాకు గిన్నె అడుగున మిగిలింది పెట్టింది."

చిహారు కళ్ళు తెరవలేదు. తమాయె చెయ్యి ఆమె తల కింద పెట్టి, బరువంతా ఆ అరచేతి మీద ఆన్చుకుని, నురగ పోయేదాకా నీళ్ళు పోసింది.

"నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా?" అని అడిగింది.

"లేదు వదినా. బావున్నాయి."